ఎర్రగీత దాకా

ఇశ్రాయేలు గ్రీజు పెట్టలేదు. లాకు పక్కన తూము షట్టరు లేస్తుంటే వచ్చిన కీచు చప్పుడు ముప్పావు మైలు ఇవతల పొలం గట్టు మీద కూర్చున్న మరియదాసు పళ్ళను జివ్వుమనిపించింది. మే నెలలో కాలవ కట్టేసినప్పుడు డిపార్టుమెంటు ఒక డబ్బా గ్రీజు ఇస్తుంది, షట్టరు మరకు దట్టంగా పూయమని. ఆ డబ్బా ఏమైనట్టు? సైకిలు గొలుసుకు పూసుకుని ఉంటాడు, లేకపోతే తమ్ముడి బండి ఇరుసుకు. ముప్పై ఒక్క ఏళ్ళు లాకు లస్కరుగా ఈ మర తిప్పే పని చేశాడు మరియదాసు, ఆ ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క పూట ఆ మర కూత పెట్టలేదు, నిద్రపోతున్న బిడ్డను ఎత్తుకున్నంత మెత్తగా లేపేవాడు షట్టరును. ఇశ్రాయేలుకు అప్పగించి మూడు నెలలు కాలేదు, అప్పుడే దాని గొంతు ఇలా చేశాడు దరిద్రుడు. అయినా సరే కూయనీ, ఇవాళకు కూయనీ, ఆ కూతవల్లనే కదా ఇక్కడికి లెక్క తెలుస్తోంది, చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక కూత, అదుగో ఒకటి, ఆగాడు, చేతులు మార్చుకుంటున్నాడు, రెండు, మూడు, ఆఫీసరు ఎదురుగా ఉన్నాడు కాబట్టి ఆయాసం కనపడనివ్వడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు. ఆగింది. ఏడు చుట్లు. మర కడ్డీ మీది ఎర్రగీత దాకా. మరియదాసు తుండుగుడ్డ మూట విప్పి అలారం గడియారం బయటికి తీశాడు. మూడు దాటి అయిదు నిమిషాలు. పిల్లకాలవ మెలికలు తిరిగి ఈ కొసకు చేరడానికి మైలున్నర, ఎండిపోయిన అడుగులో బీటలన్నీ తాగగా మిగిలిన నీటి నడక గంటా పది నిమిషాలు. నాలుగుంబావు. అలారం ముల్లు అక్కడ పెట్టాడు.  

ఆ గడియారం రిటైరైన రోజు తోటి లస్కర్లు చందాలు వేసుకుని బెజవాడ గవర్నర్‌పేటలో కొనుక్కొచ్చి ఇచ్చింది. దండ వేశారు, లడ్డూ, కారప్పూస పెట్టారు, ఆఫీసరు లేచి నిలబడి ఈయన సేవలు మరువలేనివి అని చెప్పి, కూర్చుంటూ పక్కవాణ్ణి ఈయన పేరేమిటన్నావు అని అడిగాడు. మరియదాసుకు వినపడింది. వినపడనట్టు లడ్డూ తిన్నాడు. అయినా రిటైరయ్యేవాడికి అలారం గడియారమేమిటి? నిద్ర లేవమనా? ముప్పై ఒక్క ఏళ్ళు గడియారం లేకుండా లేచినవాణ్ణి, అర్ధరాత్రి ఒకసారి, తెల్లవారుజామున మూడింటికి ఒకసారి, ఆరింటికి ఒకసారి లాంతరు పట్టుకుని గేజీ రాయి దగ్గరకు దిగి నీళ్ళు ఎన్ని అడుగుల ఎన్ని అంగుళాలు ఉన్నాయో చూసి పలక మీద రాసుకుని వచ్చి పుస్తకంలో ఎక్కించినవాణ్ణి. మూడో తరగతిలో పంతులు బెత్తం విరిగేలా కొడితే బడి మానేసి వచ్చిన మరియదాసుకు లెక్కలు చెప్పింది ఆ గేజీ రాయే. దాని మీద అంకెలు చూసే చదువు నేర్చాడు. ఇప్పుడు మూడింటికి మెలకువ వస్తుంది, లేచి కూర్చుంటాడు, దిగడానికి మెట్లు లేవు, చూడడానికి రాయి లేదు. మంచం పక్కన నీళ్ళ బిందె ఉంటుంది. దాని మూత తీసి చూస్తాడు. బెత్తెడు తగ్గింది అనుకుని మళ్ళీ పడుకుంటాడు. ఒక రాత్రి పెళ్ళాం తెరేసమ్మ చీకట్లోనే అడిగింది, "ఏవయ్యా, ఎన్ని అడుగులున్నయ్యేంటి?" అని. నవ్వు ఆపుకోలేక దిండులో మొహం పెట్టుకుంది ఆడది, అతనికి మాత్రం వొళ్ళు మండింది.

ఉద్యోగమంటే గేజీ ఒక్కటేనా, అది నయం, రాయి తిట్టదు. తిట్టేది రైతులు. ఆగస్టు నెల వస్తే తూము దగ్గర రెండు గుంపులు, పైవాళ్ళు ఒక గట్టున, కిందివాళ్ళు ఒక గట్టున, చేతుల్లో పారలు, కర్రలు, మధ్యలో అతను, షట్టరు చక్రం కావలించుకుని, నన్ను కొట్టండి గానీ చక్రం ముట్టుకోకండి అని. రాత్రంతా కాపలా. వానలో గోనెసంచి కప్పుకుని. మరియమ్మ పండుగ ఆగస్టు పదిహేనున వస్తుంది, ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి పూర్తి పూజ చూడలేదు, గుణదల తిరునాళ్ళకు పోదాం అని తెరేసమ్మ పెళ్ళయిన ఏడు అడిగింది, దాళ్వా నీళ్ళు పోతున్నాయి వచ్చే ఏడు చూద్దాం అన్నాడు, ప్రతి ఏడూ అదే అన్నాడు. ఇక లాకు. పొగాకు పడవలు, ధాన్యం పడవలు, మామిడికాయల పడవలు, అర్ధరాత్రి వచ్చి శంఖం ఊదేవాళ్ళు, లస్కరయ్యో తలుపు తీయవయ్యో అని, రెండు నిమిషాలు ఆలస్యమైతే అతని అమ్మమ్మదాకా పోయి తిట్టేవాళ్ళు. ఇప్పుడు లారీలు వచ్చి పడవలు తగ్గాయి, ఇశ్రాయేలుకు అదృష్టం అలా కలిసొచ్చింది. ఓవర్సీరు వస్తే కోడి, ఆఫీసరు వస్తే రెండు కోళ్ళు. కడుపులో ఎప్పుడూ ఒక ముద్ద. అన్నం తింటుంటే ముద్ద, నిద్రలో ముద్ద, నీళ్ళు తక్కువైతే ముద్ద, ఎక్కువైతే ఇంకా పెద్ద ముద్ద. రిటైరయ్యాక ఆ ముద్ద కరిగిపోతుందనుకున్నాడు. కరిగింది, నిజంగానే, పది రోజుల్లో. కరిగాక అక్కడ ఏమీ లేకుండా పోయింది, ఖాళీ, అది ముద్దకంటే బరువుగా ఉంది.

లాకు క్వార్టర్సు వదిలి ఊళ్ళో ఇంటికి వచ్చిన మొదటి రాత్రి అతనికి నిద్రే పట్టలేదు. చప్పుడు లేదు. లాకు కింద నీళ్ళు పడే చప్పుడు ముప్పై ఒక్క ఏళ్ళు చెవిలో జోలపాటలా ఉన్నది, అది ఆగిపోతే లోకమే ఆగిపోయినట్టయింది. తెరేసమ్మ మాత్రం పెళ్ళయిన తరవాత మొదటిసారి హాయిగా నిద్రపోయిందట, పొద్దున లేచి పక్కింటావిడకు చెప్పుకుంది. ఇంకొకటి, అతని గొంతు. నీటి హోరు మీద మాట్లాడి మాట్లాడి అరుపే అతని మాట అయిపోయింది. కూరలో ఉప్పు తగ్గిందే అంటే మొగుడూ పెళ్ళాం కొట్టుకుంటున్నారని వీధి వీధంతా వచ్చి నిలబడింది. పుట్టినప్పటినుంచీ గుసగుసలు తెలియని మనిషి ఇప్పుడు గుసగుసలు నేర్చుకోవాలి. పొద్దున కాఫీ, ఆ తరవాత చర్చి అరుగు, మధ్యాహ్నం పడక, సాయంత్రం కాలవకట్ట దాకా పోయి ఇశ్రాయేలు ఏం తప్పు చేస్తున్నాడో చూసి రావడం, మొన్న ఇశ్రాయేలు చేతులు కట్టుకుని అన్నాడు, "బాబాయ్, నువ్వు వస్తే నాకు ఓవర్సీరు వచ్చినట్టు ఉంటంది. కూర్చో, మాట్లాడు, షట్టరు వంక మాత్రం చూడమాక." షట్టరు వంక చూడొద్దట! కళ్ళు తీసి సంచిలో వేసుకుని రావాలి కాబోలు.

కానీ అదంతా నిన్నటి మాట. ఇవాళ వేరు. ఇవాళ ఈ గట్టు అతనిది. ఈ మడి అతనిది. గ్రాట్యుటీ డబ్బు చేతికి రాగానే తెరేసమ్మ పోస్టాఫీసులో వేద్దామంది, అతను వినలేదు, పిల్లకాలవ చిట్టచివర సంపూర్ణమ్మ అరవై రెండు సెంట్లు అమ్ముతోందని తెలిసి పరుగెత్తాడు. ఊళ్ళో అందరికీ నీళ్ళు ఇచ్చినవాడు, ఒక్క గుంట నేల లేనివాడు, వేల ఎకరాలు తడిపిన చేతులకు సొంతంగా తడుపుకోవడానికి కుండీ మొక్క కూడా లేదు. సంపూర్ణమ్మ దాచలేదు, పెద్దమనుషుల ఎదటే చెప్పింది, "దాసన్నా, కొసభూమి. మా ఆయన ఉన్నప్పుడు పండేది, ఆయన పోయిన ఏటి నుంచి నీళ్ళు ఎక్కడం లేదు. తరవాత నన్ననమాక." అందుకే సగం ధర. అతను నవ్వాడు. లస్కరుకు చెబుతావా నీళ్ళ సంగతి? నీళ్ళు ఎందుకు ఎక్కడం లేదో అతనికి తెలుసు, దారిలో దోస్తున్నారు, పై మడి పుల్లయ్య దగ్గరనుంచి ప్రతివాడూ గట్టు కింద దొంగ గండి పెట్టుకున్నవాడే. ఎన్నిసార్లు చెప్పాడు సంపూర్ణమ్మకు, తూము దగ్గరకు ఏడుస్తూ వస్తే, నేను గీత దాకా తిప్పానమ్మా, వెళ్ళి పైవాళ్ళతో పోట్లాడుకో అని. ఆమె పోయి పోట్లాడేది. వాళ్ళు నీ కాలు పెట్టిన వేళ అలాంటిదని తరిమేవాళ్ళు. ఇప్పుడు ఎవడు దోస్తాడో చూద్దాం. పొద్దున ఇశ్రాయేలును వెంటబెట్టుకుని, పార భుజాన వేసుకుని, పిల్లకాలవ మొదలునుంచి కొసదాకా నడిచాడు, ప్రతి దొంగ గండీ వెతికి పట్టాడు, ఎక్కడెక్కడ పెడతారో అతనికి తెలిసినట్టు ఎవరికి తెలుసు, తుంగ కింద, ముళ్ళ కంప కింద, రాయి అడ్డం పెట్టి, పదకొండు. పదకొండింటినీ మట్టి కొట్టి, కాలితో తొక్కి, పైన గడ్డి చెక్కలు పరిచాడు. పుల్లయ్య గట్టు మీద నిలబడి, "రిటైరైనా పీడ వదల్లేదు రా నాయనా," అన్నాడు. ఆ మాట అతనికి సన్మానం రోజు లడ్డూకంటే తియ్యగా ఉంది.

గడియారం చూశాడు. మూడూ నలభై. ఈపాటికి పెద్ద వంపు దాటి ఉంటుంది. మళ్ళీ చూశాడు, మూడూ నలభై ఒకటి. లేచాడు, కూర్చున్నాడు, చుట్ట తీశాడు, వెలిగించకుండానే పెదాల మధ్య నలిపాడు. ఎన్ని జూన్ నెలలు ఈ గంట గడిచిందో, ప్రతిసారీ అతను అటు కొసన ఉన్నాడు, వదిలే కొసన, చక్రం తిప్పి చెమట తుడుచుకుని వెళ్ళు తల్లీ అనుకునేవాడు, ఎక్కడికి పోతుందో ఎవరి కాళ్ళు తడుపుతుందో చూసింది లేదు. నీళ్ళు రావడం ఎలా ఉంటుందో అతనికి తెలియదు. నవ్వు వచ్చింది. పోవడమే తెలుసు. ఇవాళ మొదటిసారి ఎదురు కూర్చున్నాడు. గాలి ఆగిపోయింది, ఎండ మడిలో బీటల మీద పడి లోపలిదాకా కనపడుతోంది, ఒక్కొక్క బీటలో చెయ్యి పడుతుంది, రాత్రి వచ్చిన చిన్న జల్లు వాటి మూతులు కూడా తడపలేదు. నారు పోయాలి, ఈ నెల దాటితే అదను తప్పుతుంది, నారు లేకపోతే పంట లేదు, పంట లేకపోతే తెరేసమ్మ ఎదట తలెత్తుకునే దారి లేదు, ముప్పై ఒక్క ఏళ్ళ రాత్రులన్నీ పోసి కొన్న మట్టి ఇది. రావాలి. వస్తుంది. ఎందుకు రాదు, గీత దాకా తిప్పాడుగా.

అలారం మోగింది. గట్టు మీద గడియారం గణగణమంటూ గిర్రున తిరిగింది, దూరాన మేస్తున్న గేదె తలెత్తింది. బోదెలో నీళ్ళు లేవు. మరియదాసు గడియారం నెత్తిన ఒక్కటి కొట్టాడు. నిలబడ్డాడు. చెవి ఒగ్గి విన్నాడు. మొదట ఏమీ లేదు, తరవాత ఎండుటాకులు ఎవరో ఊడుస్తున్నట్టు, కాదు, బియ్యం చేటలో చెరిగినట్టు, అదే అదే అదే, బోదె మలుపు దగ్గర ముందుగా వచ్చింది నురగ, పుల్లలు, చీమలు పట్టిన ఎండు గడ్డి, వాటిని తోసుకుంటూ నాలుక చాపినట్టు ఎర్రటి నీళ్ళు, ఒక బీటలో దూరి ఆగి, అది నిండి, ఇంకొక బీటలోకి, బుడగలు గుప్పుగుప్పున లేస్తూ, నేలలోంచి కప్పలు లేచి గెంతుతూ, ఎక్కడినుంచి వచ్చాయో కొంగలు, వరసగా, పిలుపు అందుకున్న బంధువుల్లా. ఆ వాసన! ఎండిన మట్టి మొదటి గుక్క తాగిన వాసన. మరియదాసు చెప్పులు విడిచేశాడు, బోదెలోకి దిగాడు, నీళ్ళు చీలమండలకు తగిలాయి, చల్లగా లేవు, వెచ్చగా ఉన్నాయి, ముప్పై ఒక్క ఏళ్ళు వదిలిన నీళ్ళు ఇంత వెచ్చగా ఉంటాయని అతనికి ఎవరూ చెప్పలేదు. పారతో మడవ తెంచాడు. నీళ్ళు అతని మళ్ళోకి తిరిగాయి. అతను అరిచాడు, ఏమని అరిచాడో అతనికే తెలియదు, లాకు గొంతుతో, ఎవరూ లేనిచోట, సిగ్గు లేకుండా.

"వచ్చినయ్యా దాసన్నా?"

డొంక మీద గడ్డిమోపు దించుకుని సంపూర్ణమ్మ నిలబడి ఉంది. ఎంతసేపయిందో. గట్టు ఎక్కలేదు, డొంకలోనే నిలబడింది, అమ్మిన మడిలో అడుగు పెట్టకూడదన్నట్టు. "వచ్చినయ్ సంపూర్ణమ్మా, రా, చూడు, చూడు," అని చేతులు ఊపాడు. ఆమె చూసింది. మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. "మంచిది. నువ్వన్నా తిను," అంది. తనలో తను అనుకున్నట్టు, "అందరూ అన్నదే నిజం కాబోలు. నా కాలు తీశాను, నీళ్ళు వచ్చినయ్," అంది. అతను ఆ సంబరంలో నవ్వేశాడు. "నా చెయ్యి అలాంటిదమ్మా," అన్నాడు. అని, నీళ్ళ వెంట నడిచాడు, నీటి అంచు పక్కనే, దాన్ని చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టు, మడి మొదలు, మడి మూడో వంతు, సగం. సగంలో నీళ్ళు నిదానించాయి. ఊపిరి తీసుకుంటున్నాయి అనుకున్నాడు. ఆగాడు. అంచు కదలలేదు. నురగ ఒక గీతలా నేల మీద నిలిచిపోయింది. ఒక పుల్ల తీసి అంచున గుచ్చాడు, ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు, గేజీ. గడియారం చూశాడు. అయిదు నిమిషాలు. పుల్ల దగ్గర నీళ్ళు వేలెడు కూడా పైకి లేవలేదు. మడి అవతలి సగం నీటికంటే నాలుగు వేళ్ళ ఎత్తులో పొడిగా, బీటలు నోళ్ళు తెరుచుకుని, అలాగే ఉంది.

దొంగలు! పార తీసుకుని బోదె వెంట పరుగెత్తాడు, పుల్లయ్య గండి దాకా, గడ్డి చెక్క వేసినట్టే ఉంది. ఆ పైది, అలాగే ఉంది. ఆ పైదీ అలాగే. ఎవరూ ముట్టుకోలేదు. ఎవరూ దోయలేదు. పిల్లకాలవలో వచ్చిన ప్రతి బొట్టూ అతని మడిదాకా వచ్చింది, వచ్చి సగానికి చాలింది. అంతే నీళ్ళు వదిలారు. ఇశ్రాయేలు! గీత దాకా తిప్పలేదు, కూతలు అబద్ధం, ఉత్త మర తిప్పి ఉంటాడు ఆఫీసరుకు కనపడాలని! ఆయాసంతో మళ్ళీ మడి దగ్గరకు వచ్చేసరికి డొంక మీద సైకిలు గంట వినపడింది. ఇశ్రాయేలు దిగాడు, చొక్కా అంతా చెమట, మొహం పెళ్ళికొడుకులా. "చూశావా బాబాయ్! గీత దాకా తిప్పా. వెంట్రుకవాసి తేడా ఉంటే చెవి కోయించుకుంటా. ఆఫీసరు గారు అయిదు చాలులే అన్నారు, కాదండీ, మా బాబాయ్ గీత మాకు బైబిలండీ, ఏడంటే ఏడే అన్నా. సరే అన్నారు!"

ఏడంటే ఏడే. మరియదాసు నోరు తెరిచాడు, తిట్టడానికి.  కళ్ళ ఎదట ఆ మర కడ్డీ మీద ఎర్రగీత కనపడింది, పోయిన మార్చిలో, అప్పగించే ముందు రోజు, కొత్త బ్రష్షు పెట్టి తను దిద్దిన గీత, దాని కింద నిరుడు దిద్దింది, దాని కింద ముందు ఏటిది, పొర మీద పొర, ఎన్ని పొరలు, ప్రతి మే నెలా పాత గీత మీదే కొత్త రంగు, ఆ పొరలన్నిటి అడుగున, అన్నిటి అడుగున, మొట్టమొదట కొట్టిన గీత, దానికి రెండు చుట్ల అవతల ఒక కత్తి గీకుడు. గీకింది అతనే. పంతొమ్మిది వందల యాభై ఆరు. ఓవర్సీరు జక్కయ్య గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు. "ఒరే దాసూ, కింది తూము మీద మునసబు గారి చెరుకు ఎండుతోంది. ఈ తూముకు రెండు చుట్లు తగ్గించు. తొమ్మిది దగ్గర గీత గీకెయ్, ఏడు దగ్గర కొట్టు. ఈ ఒక్క సీజనుకే." అప్పటికి అతనికి ఉద్యోగం ఖాయం కాలేదు, కాగితాలు జక్కయ్య బీరువాలో ఉన్నాయి. కడుపులో ముద్ద. గీకాడు. కొట్టాడు. వచ్చే ఏటికి కాగితాలు వచ్చాయి, జక్కయ్యకు బదిలీ అయింది, మునసబు చెరుకు తీసేసి అరటి వేశాడు, తొమ్మిది సంగతి ఎవరూ అడగలేదు. అతనూ మరిచిపోయాడు. మరిచిపోయాడా? మరిచిపోయాడు, నిజంగా, దేవుడి తోడు, ఆ ముద్ద కరిగిన ఖాళీలో కూడా అది కనపడలేదు. ఏడు అతని లెక్క అయిపోయింది. ఏడు చుట్లు తిప్పి గీత దాకా తిప్పానమ్మా అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాడు. ఎవరికి? అదే యాభై ఆరులో, ఈస్టరు ముందటి తపసుకాలంలో, మొగుడు పోయిన మనిషికి.

మొగుడు పోయిన ఏడే నీళ్ళు రాలేదు. ఊరంతా లెక్క కట్టింది. కాలు మంచిది కాదంది.

జక్కయ్యా, నీ గొడుగు పాడుగాను, నీ బీరువా తగలబడ! ఇప్పుడేం కష్టం, ఇశ్రాయేలు చెవిలో మెల్లగా, రేపటినుంచి తొమ్మిది తిప్పరా అంటే చాలు. వాడు బైబిలంటాడు, తిప్పుతాడు. మడి నిండుతుంది, నారు పోస్తాడు, తెరేసమ్మ నవ్వుతుంది, ఊరంతా అంటుంది దాసు చెయ్యి మంచిదని, సంపూర్ణమ్మ కాలే మంచిది కాదని, ఆమే ఇందాక ఒప్పుకుంది కదా, ఒప్పుకున్న మాటను ఎవరు తిరగదోడతారు? మూడు నెలలుగా గుసగుసలు నేర్చుకుంటున్నాడు, ఇదుగో, పనికొచ్చే గుసగుస. ఇశ్రాయేలు భుజం మీద చెయ్యి వేశాడు కూడా. సంపూర్ణమ్మ గడ్డిమోపు ఎత్తుకోవడానికి వంగింది, ఎవరైనా చెయ్యి వేస్తారేమోనని ఇటు చూసింది. గుసగుస రాలేదు. వచ్చింది లాకు గొంతే.

"ఇశ్రాయేలూ, ఆ గీత తప్పురా! తొమ్మిది ఉండాలి. నేనే గీకేశాను."

కొంగలు లేచాయి.  సంపూర్ణమ్మ మోపు వదిలేసింది.

"ఎప్పుడు?" అంది.

"యాభై ఆరు."

ఆమె వేళ్ళు మడిచి లెక్క పెట్టలేదు. ఆ లెక్క ఆమెకు కంఠతా వచ్చు. "పద్దెనిమిదేళ్ళు," అంది. చాలాసేపు తన కాళ్ళ వంక చూసుకుంది, దుమ్ము పట్టిన మడమలు, పగిలి, ఈ మడిలాగే బీటలు తీసి. "అయితే నా కాలు కాదన్నమాట," అంది. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. "మా అత్త చచ్చిందాకా నాట్లలో మొదటి మొక్క నన్ను ముట్టుకోనియ్యలా. చావబోయే ముందు కూడా గంజి నా చేత్తో తాగలా. కాలు కాదన్నమాట." అప్పుడు తలెత్తి అతని వంక చూసింది, కళ్ళల్లో నిప్పులు. "నీళ్ళు ఆపినవాడివీ నువ్వే. ఎండిన మడి సగం ధరకు కొన్నవాడివీ నువ్వే. బాగుంది దాసన్నా. మంచి బేరం."

"నాకు తెలియదు సంపూర్ణమ్మా, ప్రమాణం చేసి..."

"ఎవరు నమ్ముతారు?"

ఎవరూ నమ్మరు. తెరేసమ్మ కూడా నమ్మదు. అతనే వేరేవాడి సంగతిగా వింటే నమ్మడు. వొళ్ళంతా మంట, అవమానం, కోపం, జక్కయ్య మీద, డిపార్టుమెంటు మీద, లడ్డూ మీద, గుండె మాత్రం ఇందాక నీళ్ళు మలుపు తిరిగినప్పుడు కొట్టుకున్నట్టే కొట్టుకుంటోంది, ఆగడం లేదు, మాట నోట్లోంచి షట్టరు ఎత్తినట్టు దూకింది. "తీసుకో! నీ మడి నువ్వే తీసుకో. రేపే పోయి నీ పేర రాయిస్తా."

"నీ డబ్బు అయిపోయింది. తిరిగివ్వడానికి నా దగ్గర లేదు."

"అడిగానా నేను?"

"తెరేసమ్మ చంపుద్ది నిన్ను."

"చంపనీ!" ఆ అరుపుకు తనే ఉలిక్కిపడ్డాడు. అనేశాడు. ఇశ్రాయేలు విన్నాడు, డొంక విన్నది, ఇక వెనక్కు లేదు. విచిత్రంగా, ఆ ఖాళీచోట, ముద్ద కరిగిన చోట, ఏదో నిండుతున్నట్టుంది. "ఏంరా చూస్తావ్? పో! ఇంకో రెండు చుట్లు తిప్పు. ఆఫీసరు అడిగితే నా పేరు చెప్పు. ఈసారన్నా నా పేరు గుర్తుంటుంది ఆయనకు." ఇశ్రాయేలు సైకిలు ఎక్కకుండానే తోసుకుంటూ పరుగు తీసి, తరవాత ఎక్కాడు.

సంపూర్ణమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని గట్టు ఎక్కింది, ఎక్కి ఒక్క క్షణం ఆగి, కుడికాలు ముందు పెట్టి మళ్ళోకి దిగింది. నేరుగా ఉత్తరం మూలకు పోయింది. "ఇక్కడ ఎలికబొక్క ఉంటది. నీకు తెలవదు. ఆ పార ఇటియ్యి," అంది. ఇచ్చాడు. ఆమె మట్టి పెళ్ళ తీసి బొక్కలో కొట్టి, తడి కాలితో అదిమి అదిమి తొక్కింది, కసిగా, పద్దెనిమిదేళ్ళను తొక్కినట్టు. మరియదాసు గట్టు మీద కూర్చున్నాడు. గడియారం ఒళ్ళో పెట్టుకున్నాడు, చూడలేదు. చాలాసేపటికి దూరాన, లాకు వైపునుంచి, కీచుమంటూ ఒక కూత వచ్చింది. ఎనిమిది. గ్రీజు పెట్టకపోవడమే మంచిదైంది. చేతులు మార్చుకుంటున్నాడు. తిప్పరా, తిప్పు, తిప్పు. తొమ్మిది. సంపూర్ణమ్మ పార మీద వాలి విన్నది. ఇక గంటా పది నిమిషాలు. ఇంటికి పోయి తెరేసమ్మకు ఏమని చెప్పాలో అతను వరస పేర్చుకున్నాడు, గుసగుసగా కాదు, గట్టిగానే చెబుతాడు, వీధంతా వచ్చి నిలబడితే నిలబడనీ, సంపూర్ణమ్మ కాలు కాదని వాళ్ళూ వింటారు, చెప్పేది పెద్దగా ఏమీ లేదు, కొన్న కాగితం మీద ఉన్నదే, రేపు ఆమె పేర తిరిగి రాయించబోయే హద్దులే. తూర్పు పంటబోదె, పడమర పుల్లయ్య మడి, దక్షిణం డొంక, ఉత్తరం కాలవ పోరంబోకు, ఈ హద్దుల మధ్యన అరవై రెండు సెంట్లు.